బీపీ మాత్రలకు బీమా రాదు.. మరి నెల బిల్లు తగ్గించుకునేదెలా?

నెల మొదటి వారం. మెడికల్ షాపు కౌంటర్ మీద పాత స్ట్రిప్ పెట్టి "ఇదే ఇవ్వండి" అంటాం. షాపతను రెండు స్ట్రిప్పులు తీసి బిల్లు చెబుతాడు. "ఈసారికి ఒకటే ఇవ్వండి, పదిహేనో తారీఖు వచ్చి ఇంకోటి తీసుకుంటా" అంటాం. ఆ పదిహేనో తారీఖు ఇరవై అవుతుంది, ఒక్కోసారి నెలాఖరూ అవుతుంది. మధ్యలో మాత్ర లేకపోయినా తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. "బాగానే ఉంది కదా" అనిపిస్తుంది.

చిక్కంతా అక్కడే. బీపీ పెరిగినప్పుడు చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. ఆ నష్టం గుండె, మెదడు, కిడ్నీల్లో చడీచప్పుడు లేకుండా జరుగుతుంటుంది. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరాక "మాత్రలు వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే, "మధ్యలో కొన్నాళ్లు ఆపాం" అని చెప్పే కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి.

ఆపడానికి చెప్పే కారణాల్లో ఖర్చు ఒకటి. అయితే బీపీకి వాడే ప్రధానమైన మందులు చాలా పాతవి. పేటెంట్లు ఎప్పుడో ముగిశాయి. తయారు చేసే కంపెనీలు బోలెడు. అయినా ఒకే మందు ఒక చోట రూపాయికి, ఇంకో చోట ఏడెనిమిది రూపాయలకు దొరుకుతోంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? జేబుకు భారం లేకుండా, ఆరోగ్యానికి ముప్పు లేకుండా నెల బిల్లును ఎలా తగ్గించుకోవచ్చు?

బీమా ఉన్నా మాత్రల డబ్బు ఎందుకు రాదు?

దేశంలో పెద్దల్లో బీపీ ఉన్నవారు 35.5 శాతమని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. వీరిలో ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు కూడా మాత్రలను చేతి డబ్బుతోనే కొంటున్నారు.

కారణం, మన దగ్గర బీమా అంటే ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు. తెలంగాణలోని ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం, కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డు.. ఇవన్నీ ఇన్‌పేషెంట్ చికిత్స కోసం ఏర్పాటైనవే. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా అంతే. ఇంట్లో కూర్చుని రోజూ వేసుకునే మాత్రకు ఇవి డబ్బు చెల్లించవు. ప్రైవేటు పాలసీల్లోనూ ఓపీడీ కవర్ విడిగా తీసుకుంటే తప్ప మందుల బిల్లు రాదు.

దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. నెల జీతం రూ.21 వేల లోపు ఉండి ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఉద్యోగికి, కుటుంబ సభ్యులకు ఈఎస్ఐ డిస్పెన్సరీలో మందులు ఉచితం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు సీజీహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటర్లు ఉన్నాయి. ఈ రెంటిలో మీకు వర్తించేది ఉంటే బయట కొనడానికి ముందు అక్కడ అడగండి. చెల్లించిన చందాకు దక్కే హక్కు అది.

ఒకే మందుకు ఇన్ని ధరలు ఎందుకు?

అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్. మీ స్ట్రిప్ మీద ఏ బ్రాండ్ పేరున్నా, చిన్న అక్షరాల్లో వీటిలో ఒకటో రెండో ఉండే అవకాశమే ఎక్కువ. ఈ ఐదూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి.

ఆ జాబితాలోని మందుకు, అందులో పేర్కొన్న మోతాదులకు జాతీయ ఔషధ ధరల సంస్థ (ఎన్‌పీపీఏ) గరిష్ట ధర నిర్ణయిస్తుంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. మార్కెట్‌లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్లు దుకాణదారుకు ఏ ధరకు అమ్ముతున్నాయో చూసి సగటు తీస్తారు. దానికి దుకాణదారు లాభం 16 శాతం కలుపుతారు. ఆ మొత్తానికి మించి ఎవరూ అమ్మకూడదు. జీఎస్టీ మాత్రం అదనం. మందుల మీద 12 శాతం ఉన్న ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఈ లెక్కను జాగ్రత్తగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. మందు తయారీకి ఎంతవుతుందన్నది ఇందులో ఎక్కడా రాదు. అప్పటికే మార్కెట్‌లో నడుస్తున్న ధరల సగటే గరిష్ట ధరగా మారుతోంది. బాగా అమ్ముడుపోయే బ్రాండ్లన్నీ ఖరీదైనవైతే ఆ గరిష్ట ధర కూడా ఎక్కువగానే ఉంటుంది. అందుకే 'ప్రభుత్వం నియంత్రించిన ధర' అంటే 'చవకైన ధర' అని అనుకోనక్కర్లేదు. దానికంటే ఎంతో తక్కువకు అమ్మి కూడా లాభపడే తయారీదారులు ఉన్నారు.

రెండు మందులు కలిపి ఒకే మాత్రగా వచ్చేవి, ఉదాహరణకు టెల్మిసార్టాన్-అమ్లోడిపిన్ కలిసినవి, ఆ జాతీయ జాబితాలో లేవు. కాబట్టి పైన చెప్పిన సగటు లెక్క వీటికి నేరుగా వర్తించదు.

షాపులో దొరికే 'జనరిక్'లు అన్నీ ఒకటేనా?

కాదు. మన దగ్గర 'జనరిక్' అనే మాటకు వాడుకలో మూడు అర్థాలు ఉన్నాయి.

మొదటిది బ్రాండెడ్ జనరిక్. డాక్టర్లు చీటీ మీద రాసే పేర్లలో అత్యధికం ఇవే. మందు పాతదే, దానికి కంపెనీ తన పేరు పెడుతుంది, ప్రతినిధులను పంపి ప్రచారం చేస్తుంది. ఆ ఖర్చు కూడా మాత్ర ధరలో ఉంటుంది.

రెండోది ట్రేడ్ జనరిక్. దీనికీ ఒక బ్రాండ్ పేరు ఉంటుంది. అయితే డాక్టర్ల దగ్గరికి ప్రతినిధులు వెళ్లరు, సరుకు నేరుగా డీలర్లకు చేరుతుంది. షాపుకు చాలా తక్కువ ధరకు పడుతుంది. కానీ స్ట్రిప్ మీద ఎమ్మార్పీ మాత్రం పెద్ద బ్రాండ్లకు దగ్గరగా ముద్రించి ఉండొచ్చు. అందుకే కొన్ని షాపుల ముందు '50 శాతం తగ్గింపు', '70 శాతం తగ్గింపు' అన్న బోర్డులు కనిపిస్తాయి. ఎమ్మార్పీయే ఎక్కువగా వేసినప్పుడు, దాని మీద ఎంత శాతం తగ్గించారన్న లెక్కతో మనకు ఒరిగేదేమీ లేదు. అసలు తగ్గింపే ఇవ్వకుండా అదే మాత్రను ఎమ్మార్పీకి అమ్మేవాళ్లూ ఉంటారు.

మూడోది జన్ ఔషధి కేంద్రాల్లో దొరికే మందు. దీనికి బ్రాండ్ పేరు ఉండదు, మందు పేరే ఉంటుంది. 2008లో మొదలైన ఈ పథకం కింద దేశవ్యాప్తంగా కేంద్రాల సంఖ్య 2025 ఆరంభానికి 15 వేలు దాటింది. ఇక్కడి ధరకు ఒక సూత్రం ఉంది. మార్కెట్‌లోని మొదటి మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకూడదు. చాలా మందులకు అంతకంటే బాగా తక్కువే ఉంటుంది.

కాబట్టి షాపులో అడగాల్సింది "ఎంత శాతం తగ్గిస్తారు?" అని కాదు, "ఒక్కో మాత్ర ఎంత పడుతోంది?" అని. స్ట్రిప్‌లో పది ఉంటాయి, పదిహేను ఉంటాయి, ముప్పై కూడా ఉంటాయి. మాత్ర లెక్కన చూస్తేనే రెండు ధరలను పోల్చగలం.

ఒక ఇంటి లెక్క

రోజుకు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు ఒకటి, టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు ఒకటి వాడే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాం. బీపీ ఒక మందుతో అదుపులోకి రానివారికి తరచుగా రాసే జోడీ ఇది.

పేరున్న బ్రాండ్లలో అమ్లోడిపిన్ మాత్ర మూడు రూపాయలకు అటూఇటూగా, టెల్మిసార్టాన్ ఏడు రూపాయలకు అటూఇటూగా ఉంటుంది. రోజుకు సుమారు పది రూపాయలు. నెలకు రూ.300, ఏడాదికి రూ.3,600. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఉంటే రూ.7,200. షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు దీనికి అదనం.

జన్ ఔషధిలో అమ్లోడిపిన్ మాత్ర రూపాయి లోపే వస్తుంది. టెల్మిసార్టాన్ రెండు రూపాయల లోపు. రోజుకు మూడు రూపాయలు వేసుకున్నా నెలకు రూ.90కి మించదు. ఇద్దరికి కలిపి ఏడాదికి రూ.2,160. తేడా రూ.5 వేలు.

ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. మీ మందులకు ఈ లెక్క వేరుగా రావచ్చు. రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి, ధరను మాత్రల సంఖ్యతో భాగించండి. మీ ఇంటి తేడా ఎంతో తేలిపోతుంది.

అసలు డబ్బే కట్టక్కర్లేని చోట్లు లేవా?

ఉన్నాయి. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, రెండు రాష్ట్రాల్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆసుపత్రుల్లో బీపీ పరీక్ష, మందులు ఉచితం. అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేస్తారు.

2017 నవంబరులో ప్రారంభమైన భారత బీపీ నియంత్రణ కార్యక్రమానికి మొదట ఎంపిక చేసిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్న క్రమాన్ని ఈ కార్యక్రమం ముందే నిర్ణయించి పెట్టుకుంది. మందుల రకాలు తక్కువైతే ఎక్కువ మొత్తంలో కొని నిల్వ పెట్టడం తేలిక, ధర కూడా తగ్గుతుంది. ఆ జాబితాలో అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఉన్నాయి. కార్పొరేట్ ఆసుపత్రి చీటీలో పెద్ద బ్రాండ్ పేరుతో ఉండే మందూ, బస్తీ దవాఖానాలో కాగితం పొట్లంలో ఇచ్చే మందూ చాలాసార్లు ఒకటే.

ఇక్కడి ఇబ్బందులూ తెలిసినవే. పనివేళలకు ఉద్యోగులు వెళ్లలేరు. ఒక్కోసారి స్టాక్ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వారి పేరు అక్కడ నమోదు చేయించి, నెలకోసారి బీపీ చూపించి మందులు తెచ్చుకునేలా అలవాటు చేయొచ్చు. స్టాక్ లేని నెల జన్ ఔషధి ఎటూ ఉంది.

చవక మందు సరిగా పనిచేస్తుందా?

ఈ అనుమానం సహజం. రూపాయికి వచ్చే మాత్రను చూసి భయపడే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

జన్ ఔషధికి సరఫరా చేసే కంపెనీలకు డబ్ల్యూహెచ్ఓ-జీఎంపీ తయారీ ప్రమాణాల గుర్తింపు ఉండాలి. వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. ఒంట్లో సులువుగా కరగని తరగతుల మందులకు, అసలు మందుతో సమానంగా రక్తంలోకి చేరుతోందని నిరూపించే పరీక్షను 2017లో కేంద్రం తప్పనిసరి చేసింది.

అలాగని లోపాలే ఉండవని కాదు. నాణ్యత పరీక్షలో విఫలమైన బ్యాచ్‌ల జాబితాను కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా ప్రకటిస్తుంది. అందులో జనరిక్‌లూ ఉంటాయి, పేరున్న బ్రాండ్ల బ్యాచ్‌లూ ఉంటాయి. అంటే ఎక్కువ ధర నాణ్యతకు హామీ కాదు.

మీకు పనిచేస్తోందో లేదో తేల్చే సాధనం ఒకటి ఇంట్లోనే ఉంది. అది బీపీ మిషన్. మందు మారడానికి ముందు వారం, మారాక రెండు మూడు వారాలు రోజూ ఒకే సమయానికి చూసి రాసిపెట్టుకోండి. అంకెలు మారకపోతే మందు పనిచేస్తున్నట్టే. పెరుగుతుంటే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మారేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

డబ్బు మిగలాలి, కానీ మందు మారకూడదు. ఈ ఐదు విషయాలు సరిచూసుకోండి.

1. మందు పేరు, మోతాదు: స్ట్రిప్ మీద జనరిక్ పేరు బ్రాండ్ పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నిబంధన 2018 నుంచి ఉంది. కొన్ని రకాల కలయిక మాత్రలకు ఇది వర్తించదు కాబట్టి వాటి మీద చిన్న అక్షరాలనూ చదవండి. పేరు, మిల్లీగ్రాములు రెండూ అచ్చంగా అవే ఉండాలి.

2. పేరు చివరి అక్షరాలు: బ్రాండ్ పేరు తర్వాత 'హెచ్' ఉంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్, 'ఏఎం' ఉంటే అమ్లోడిపిన్ కలిసిందని అర్థం. ఆ అక్షరం వదిలేసి ఉత్త టెల్మిసార్టాన్ తెచ్చుకుంటే ఒక మందు తగ్గిపోయినట్టే.

3. నెమ్మదిగా కరిగే మాత్రలు: 'ఈఆర్', 'ఎక్స్ఎల్', 'ఎస్ఆర్' అని ఉన్నవాటికి బదులు మామూలు మాత్ర తీసుకోకూడదు. వీటిని విరిచి వేసుకోవడం, పొడి చేసుకోవడం డాక్టర్‌ను అడగకుండా చేయొద్దు.

4. ఎస్-అమ్లోడిపిన్: ఇది అమ్లోడిపిన్‌లోని ఒక భాగం. దీని 2.5 మిల్లీగ్రాములు, మామూలు అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములకు సమానం. చీటీలో ఏది ఉందో చూడకుండా మారిస్తే మోతాదు సగమవుతుంది, లేదా రెట్టింపవుతుంది.

5. రెండూ కలిపి వేసుకోవడం: పాత బ్రాండ్ స్ట్రిప్ డబ్బాలో ఉండగానే కొత్త జనరిక్ వస్తుంది. పేర్లు వేరు కావడంతో పెద్దవాళ్లు రెండూ వేసుకుంటారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి, బాత్‌రూమ్‌కు లేచినప్పుడు తూలి పడిపోయే ప్రమాదం ఉంటుంది. కొత్తది మొదలుపెట్టిన రోజే పాత స్ట్రిప్‌ను డబ్బాలోంచి తీసేయండి.

పక్కింటివాళ్లకు పనిచేసిందని వారి మాత్ర తెచ్చుకోవడం ఎంతమాత్రం వద్దు. టెల్మిసార్టాన్ వంటివి గర్భిణులు వాడకూడదు. కిడ్నీ సమస్య ఉన్నవారికి రక్తపరీక్షలు చూసి మందు ఎంచుకుంటారు.

షాపతను వేరే కంపెనీ మందు ఎందుకు ఇవ్వనంటాడు?

బీపీ మందుల్లో చాలావరకు షెడ్యూల్ హెచ్ కిందికి వస్తాయి. చీటీలో రాసిన మందుకు బదులు, అదే పదార్థం ఉన్నా సరే, మరొకటి ఇవ్వడానికి ఔషధ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి చీటీలో బ్రాండ్ పేరే ఉంటే షాపతను తప్పుకోవడంలో తప్పు లేదు.

దీనికి మార్గం డాక్టర్ గదిలోనే ఉంది. మందుల పేర్లను జనరిక్ పేరుతో, చదవగలిగేలా రాయాలని వైద్యుల నియమావళికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. జనరిక్‌ను మరింత కచ్చితం చేస్తూ 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపేసినా, ఈ పాత నియమం అలాగే ఉంది. వాదన అక్కర్లేదు. "డాక్టర్‌గారూ, ఇది నెలనెలా కొనాల్సిన మందు. జన్ ఔషధిలో తీసుకుంటాను, జనరిక్ పేరు కూడా రాస్తారా?" అని అడిగితే చాలు. కలయిక మాత్ర రాసి ఉంటే "విడివిడిగా రెండు వేసుకోవచ్చా?" అని కూడా అడగండి. కొందరికి ఒకే మాత్ర అయితేనే మరిచిపోకుండా వేసుకుంటారు, అలాంటివారికి కలయికే మేలు. ఆ నిర్ణయం డాక్టర్‌తో మాట్లాడి తీసుకోవాల్సింది.

ఇక ఆసుపత్రిలోని ఫార్మసీలోనే కొనాలన్న నిబంధన ఏదీ లేదు. చీటీ మీది. ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

ఫోన్‌లో ఏం చూసుకోవచ్చు?

'జన్ ఔషధి సుగమ్' యాప్‌లో దగ్గర్లోని కేంద్రం, మందు పేరుతో దాని ధర కనిపిస్తాయి. బయల్దేరే ముందు కేంద్రానికి ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో కనుక్కోండి. కొన్ని మోతాదులు అన్నివేళలా దొరకవు. అందుకే డబ్బాలో ఇంకా పది మాత్రలు ఉండగానే కొనడం అలవాటు చేసుకోండి.

'ఫార్మా సహీ దామ్' ఎన్‌పీపీఏ యాప్. మీ మందు గరిష్ట ధర ఎంతో అందులో చూసుకోవచ్చు. అంతకంటే ఎక్కువ ఎమ్మార్పీ ఉన్నా, ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా బిల్లుతో ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1800 111 255.

ఆదాయపు పన్ను కట్టేవారికి ఇంకో వెసులుబాటు ఉంది. 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా లేకపోతే, వారి వైద్య ఖర్చుల మీద ఏడాదికి రూ.50 వేల వరకు మినహాయింపు పొందొచ్చు. ఇన్నాళ్లూ 80డీగా పిలుస్తున్నది ఇదే. పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. మందులకు నగదు ఇవ్వకుండా యూపీఐ, కార్డు ద్వారా చెల్లించి బిల్లులు దాచుకోవాలి.

ఈ నెల చేయాల్సిన పని

ఇంట్లో మందుల డబ్బా తెరవండి. ప్రతి స్ట్రిప్ మీద జనరిక్ పేరు, మిల్లీగ్రాములు, చివరి అక్షరాలు, మాత్ర ధర ఒక కాగితం మీద రాయండి. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, షాపుకు వెళ్లినప్పుడు ఆ ఫొటో చూపించండి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇక్కడి నుంచి మందులు పంపేవారికీ ఇదే పనికొస్తుంది.

అప్పటిదాకా, ఎంత ఖరీదైనదైనా సరే, ఇప్పుడు వాడుతున్న మాత్రను ఆపొద్దు. చవక మందు దొరికేవరకు ఖరీదైనది వేసుకోవడం నష్టమే, కానీ అది కొన్ని వందల రూపాయలతో పోతుంది. మాత్ర మానేస్తే వచ్చే నష్టాన్ని ఏ బీమా పూడ్చలేదు.